తలుపు పొడిగానే ఉంది

బేతంచెర్ల దాటి రెండు మైళ్లు పోతే, రాయి అయిపోయి పదేళ్లుగా పాడుపడిన గని ఒకటుంది. ఆ గనిలో కర్నూలు పాతబస్తీని కట్టారు. పన్నెండు ఇళ్లు, ఒక చాయ్ దుకాణం, చివర్లో ఒక మసీదు మినారు. దూరం నుంచి చూస్తే నిజమైన వీధే. దగ్గరికి పోయి గోడ మీద వేలితో కొడితే డప్పులా మోగుతుంది. రెండు వేల తొమ్మిదిలో గాంధీ జయంతి నాడు కర్నూలును ముంచేసిన వరద మీద హైదరాబాదు వాళ్లు వెబ్ సిరీస్ తీస్తున్నారు. గనిలో అడుగున నిలిచిన నీటిని మోటార్లతో పైకి తోడి, ఆ వీధిని ముంచాలని వాళ్ల ఆలోచన.

ఆ పన్నెండు ఇళ్లలో ఒక్క ఇంటికి మాత్రం నిజమైన నేల కావాలన్నారు. కెమెరా నేలకు ఆనుకుని పోతుందట. దాని కోసం జిలాని బాషాను పిలిచారు. అతనికి యాభై ఎనిమిదేళ్లు. బండలు పరచడంలో బేతంచెర్లలో అతన్ని మించిన మేస్త్రి లేడని అతనే చెబుతాడు, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. పుట్టి పెరిగింది కర్నూలు పాతబస్తీలోనే. వరద తర్వాత ఆ ఊరు విడిచిపెట్టి ఇక్కడికి వచ్చేశాడు.

నేల పని నాలుగు రోజుల్లో అయిపోయింది. అయినా జిలాని రోజూ పొద్దున్నే వచ్చి, చాయ్ దుకాణం సెట్టు ముందు బల్ల మీద కూర్చునేవాడు. వంకలు పెట్టడం సర్కారు ఉద్యోగమైతే అతను ఈపాటికి పింఛను తీసుకుంటూ ఉండేవాడు.

"ఏందప్పా ఈ పెంకుటిండ్లు? ఇది కర్నూలా, కాకినాడా? మా బస్తీలో అన్నీ మిద్దెలే."

"ఆ పిల్లోని చేతిలో ఫోను చూడు, అరచెయ్యంత ఉండాది. అప్పుడు అందరి దగ్గరా నొక్కుడు ఫోన్లే."

"ఎవరప్పా ఈ క్యాలెండరు తగిలించింది? అక్టోబరు రెండు సోమవారమంట! ఆ పొద్దు జుమ్మా. శుక్రవారం."

అన్నిటికన్నా అతనికి ఒళ్లు మండింది నీళ్లను చూసి. గని నీళ్లు పచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. "ఈ నీళ్లలో వరద తీస్తారా? పెండ్లికూతురికి తలంటు పోయొచ్చు వీటితో. ఆ నీళ్లు ఎర్రమట్టి నీళ్లు. డీజిలు కంపు. నెల దినాలు గోడలకు పోలేదు ఆ కంపు," అని వినేవాళ్లున్నా లేకున్నా చెబుతూ పోయేవాడు.

వినేవాళ్లు ఒకరుండేవారు. లక్ష్మీప్రియ అని, ఓర్వకల్లు పిల్ల. ఒక షాటులో తడిసిన చొక్కా తర్వాతి షాటులో ఆరిపోకుండా, ఎడమ చేతిలో ఉన్న చెంబు కుడి చేతిలోకి మారకుండా చూసుకోవడం ఆమె పని. కంటిన్యుటీ అంటారు దాన్ని. మెడలో ఒక ఫోను, చేతిలో ఒక లావుపాటి పుస్తకం. కనిపించినదంతా ఫొటో తీసి, రాసి పెట్టుకునేది. మిగతా అందరూ జిలానిని చూసి పక్కకు తప్పుకుంటే, ఆ పిల్ల మాత్రం బల్ల మీద పక్కనే కూర్చుని అతను పెట్టిన వంకలన్నీ రాసుకునేది. క్యాలెండరు మారింది. ఫోను మారింది. నీళ్లలో కలపడానికి నాలుగు ట్రాక్టర్ల ఎర్రమట్టి వచ్చింది. పెంకులు మాత్రం మారలేదు, అప్పటికే సగం సిరీస్ వాటి కిందే తీసేశారు.

"అంతా తప్పేనా మేస్త్రీ? ఒక్కటన్నా సరిగ్గా తీసినామా?" అని ఒకరోజు నవ్వుతూ అడిగింది.

జిలాని నవ్వలేదు. "ఒకటి తీసినారు. ఆ తల్లిని ఇంట్లో పెట్టి పారిపోయిన కొడుకు. అది మాత్రం నిజం," అన్నాడు.

కథ రాసినవాళ్లు పాతబస్తీ సందుల్లో తిరిగి పోగుచేసుకున్న కబుర్లలో అదొకటి. మంచం పట్టిన తల్లిని లోపల ఉంచి, బయట గొలుసు పెట్టి, తలుపుకు బండ అడ్డం నిలిపి, వెనక సందు గుండా గట్టు మీదికి పారిపోబోయి, సందులోనే నీళ్లకు చిక్కి చచ్చినవాడి కథ. ఆ కొడుకు పేరు వాళ్లకు తెలియదు. జిలానికి తెలుసు. అతని పేరు మన్సూర్. జిలానికి సొంత అన్న. ఆ తల్లి షంషాద్ బీ, జిలాని తల్లి.

ఆ రోజు జిలాని ఊళ్లో లేడు. డోన్‌లో ఒకరింట్లో బండలు పరుస్తున్నాడు. అన్న పెళ్లాం దిల్షాద్, ఆరేళ్ల కూతురు సాజియాను తీసుకుని కడపలో పుట్టింటికి పోయి ఉంది. ఇంట్లో ఉన్నది తల్లీ, పెద్దకొడుకూ ఇద్దరే. నీళ్లు తగ్గిన మూడో రోజు జిలాని ఊరు చేరేసరికి వీధిలో మోకాలి లోతు బురద. ఇంటి తలుపుకు బండ, గొలుసు అట్లాగే ఉన్నాయి. గడ్డపారతో పొడిచి, సుత్తితో కొట్టి, గంటసేపు కష్టపడి ఆ బండను తనే ఊడదీశాడు. లోపల తల్లి ఎట్లా ఉందో పదహారేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

అదే సాయంత్రం వెనక సందులో అన్న శవం దొరికిందని పక్కింటి ఓబులేసు వచ్చి చెప్పాడు. జిలాని లేచి పోలేదు. ఖబరస్తానులో తల్లికి మట్టి వేశాడు, పక్కనే అన్నను దించుతుంటే వీపు తిప్పుకుని వచ్చేశాడు. పిడికెడు మట్టి వేయలేదు. కడప నుంచి ఏడ్చుకుంటూ వచ్చిన దిల్షాద్‌తో, ఆ ఆరేళ్ల పిల్ల వింటుండగా, "నీ మొగుడు మా యమ్మను బతికుండంగానే గోరీ కట్టి పోయినాడు" అన్నాడు. ఆమె పిల్లను ఎత్తుకుని ఆ బస్సుకే తిరిగిపోయింది. మళ్లీ కర్నూలులో కాలు పెట్టలేదు.

అందుకే ఆ సీను తీస్తారని విన్నప్పుడు జిలానికి కోపం రాలేదు. లోకమంతా చూడనీ అనుకున్నాడు.

మరునాడు నీళ్ల షాటు. సుడిగాలిలాగా వరద వచ్చి తలుపును బద్దలు కొట్టి ఇంట్లోకి దూకాలి. తలుపు ఎదురుగా ఎత్తు మీద పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టారు. డైరెక్టరు భూపేష్ ముప్పై ఐదేళ్లవాడు, మంచివాడే, నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాడు. ముందు కొలత కోసం తలుపు తీసి పెట్టి రెండు డ్రమ్ముల నీళ్లు గుమ్మంలో కుమ్మరించారు. ఆ నీళ్లు గడప దాటి, నేల మీద బుద్ధిగా పరుగెత్తి, గిన్నెలు తోమే జాలాడి మూలన గోడకున్న తూములో దూరి వెనక సందులోకి వెళ్లిపోయాయి. చుక్క మిగల్లేదు.

"ఏంటిది? నీళ్లు నిలవట్లేదేంటి?" అని భూపేష్ అరిచాడు.

"వాటం సార్," అన్నాడు జిలాని, కొంచెం గర్వంగా. "ఇల్లంటే నేలకు వాటం ఉండాల గదా. కడిగిన నీళ్లు జాలాడిలోకి పోయి తూములోంచి బయటపడాల."

"ఇది సెట్టు మేస్త్రి గారూ! ఇక్కడ ఎవరు కడుగుతారు? పైగా గోడకు కంత కూడా పెట్టారా?"

వాటం లేకుండా, తూము లేకుండా నేల పరచడం జిలాని చేతులకు రాదు. ముప్పై ఏళ్ల కిందట పాతబస్తీలో తన సొంత ఇంటికీ అట్లాగే పరిచాడు. మూలకు మూల, తూముకు తూము. చెంబెడు నీళ్లు గుమ్మంలో పోస్తే మూలన తూము దాకా తమంతట తామే పోతాయని తల్లి చుట్టాలందరికీ పోసి చూపించేది. నాటకం ఇంటికని చెప్పినా చేతులు ఆ ఇంటినే కట్టాయి.

సరే, తలుపు మూసి, షాటులో ఉన్నట్టే గొలుసు పెట్టి బండ నిలబెట్టండి, ముందు వీధిలోకి నీళ్లు వదలండి, ఆ తర్వాత ట్యాంకు సంగతి చూద్దాం అన్నాడు భూపేష్. కెమెరా ఇంటి లోపల ఉంది. భూపేష్, లక్ష్మీప్రియ, జిలాని కప్పు లేని గోడ వెనక ఎత్తు బల్ల మీద నిలబడి లోపలికి చూస్తున్నారు. మోటార్లు మొదలయ్యాయి. ఎర్రమట్టి కలిసిన నీళ్లు గని అడుగు నుంచి మెల్లగా పైకి లేస్తున్నాయి. అందరి కళ్లూ తలుపు మీదే ఉన్నాయి.

ముందు చూసింది లక్ష్మీప్రియ. ఆమె చేత్తో భూపేష్ భుజం తట్టింది.

మూలన తూములో ఒక బుడగ లేచి పగిలింది. మరొకటి లేచింది. తర్వాత పళ్లెమంత వెడల్పున ఎర్రటి నీళ్లు చప్పుడు లేకుండా నేల మీదికి వచ్చాయి. వచ్చి ఆగలేదు. బండల మధ్య గీతలు పట్టుకుని, ఒక్కొక్క బండనే కప్పుకుంటూ, తాము పోవలసిన దారినే వెనక్కి నడుచుకుంటూ వచ్చాయి. మంచం కోళ్లు మునిగాయి. మూలనున్న చెంబు ఒకసారి కదిలి, లేచి, నీళ్ల మీద తేలుతూ చుట్టు తిరగసాగింది. వీధి వైపు నీళ్లింకా గడపను తాకలేదు. తలుపు పొడిగానే ఉంది.

కెమెరా వాడు ఆపడం మరిచిపోయాడు. లైట్లు పట్టుకున్న పిల్లలు, మోటారు దగ్గరి మనుషులు వచ్చి గోడ మీదుగా తొంగి చూస్తున్నారు. ఏ ట్యాంకూ తీసుకురాలేని భయం ఆ చిన్న కంతలోంచి వస్తోంది. నీళ్లకు తొందర లేదు, కోపం లేదు. ఇంట్లో మనిషి అయినట్టు, దారి తెలిసినట్టు వచ్చి మంచం ఎక్కుతున్నాయి.

పదహారేళ్లుగా వరద గురించి ఊరందరికీ పాఠాలు చెప్పిన జిలాని, వరద ఇంట్లోకి రావడం చూడలేదు. వచ్చి పోయిన బురదను చూశాడు, అంతే. తన మనసులోనూ నీళ్లు తలుపు గుండానే వచ్చాయి.

"ఇట్లనే వచ్చినాయి," అన్నాడు ఎవరితోనో. "మా యమ్మ మీదికి ఇట్లనే వచ్చినాయి. నేను పరిచిన నేల మీదనే."

మోటార్లు ఆపారు. భూపేష్ తల పట్టుకుని కూర్చున్నాడు, కానీ కళ్లు మాత్రం ఆ నీళ్ల మీద నుంచి తిప్పలేకపోతున్నాడు. లక్ష్మీప్రియ పుస్తకం తెరిచి, కొడుకు సీను రాసుకున్న పేజీ తీసింది. ఆ పిల్లకు అతకనిది కనిపిస్తే ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

"మేస్త్రీ, నాకొకటి అర్థం కాలేదు. తల్లి మంచంలో నుంచి లేవలేదు గదా. అయితే లోపల గడియ పెట్టేవాళ్లు లేరు. తలుపు నిలవాలంటే బయట గొలుసు పెట్టాల్సిందే. అది సరే. పారిపోయేటోడు బండ ఎందుకు మోసుకొచ్చి పెట్టినాడు?"

"హంద్రీ ఏరు పొంగినప్పుడల్లా మా సందులో అందరూ పెడతారు. మోకాటి నీళ్లు ఆగుతాయి," అన్నాడు జిలాని.

"అయితే నీళ్లు ఆపేకి పెట్టినాడు."

జిలాని తలుపుకున్న బండ వైపు చూశాడు.

"ఎట్ల పెట్టిండె? ఉత్తగా ఆనించి పెట్టిండెనా? ఫొటోతో సరిచూడాల, చెప్పు."

"ఆనించలేదు. నిలబెట్టి, చుట్టూ సందుల్లో సిమెంటు కూరి, తాపీతో నున్నగా..." జిలాని నోట్లో మాట అక్కడే ఆగిపోయింది.

గడ్డపారతో గంటసేపు పొడిచింది తనే. సిమెంటు గట్టిపడి రాలేదు. సందులన్నీ నిండుగా, నున్నగా, పెళ్లివారి ఇంటికి చేసినంత శ్రద్ధగా పూడ్చి ఉన్నాయి. అది గంట పని. ప్రాణభయంతో పరుగెత్తేవాడు చేసే పని కాదు. ఆ సంగతి మేస్త్రి అయిన తనకు కాక ఎవరికి తెలియాలి? గురివింద తన నలుపు ఎరగదంటారు. షూటింగువాళ్ల క్యాలెండర్లూ ఫోన్లూ తప్పుపట్టినవాడు, తన చేత్తో ఊడదీసిన బండను చూడలేదు.

అతను బల్ల దిగాడు. తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి, అన్న నడిచిన దారినే నడిచాడు. గోడ పక్కన ఎడమకు తిరిగాడు, మళ్లీ ఎడమకు తిరిగాడు. వెనక సందు. గట్టు మీదికి పోయే దారి అదే. గోడ అడుగున తూము బయటి నోరు ఉన్నదీ అక్కడే. దాని ముందు తడినేల మీద కూలబడి, ఓబులేసుకు ఫోన్ చేశాడు. ఓబులేసు ఇప్పటికీ పాతబస్తీలోనే ఉంటున్నాడు.

"ఓబులేసూ, మా అన్న సందులో యాడ పడిండె?"

"ఇన్నేండ్లకు అడుగుతాండావా జిలానీ? సందులో కాదప్పా. మీ ఇంటి గోడకే ఉన్న్యాడు. బోర్లా పండుకున్నట్ల ఉన్న్యాడు. కుడిచెయ్యి భుజం దాకా తూములో ఉండె. గోతం పట్ట చుట్టి లోపలికి నెట్టి, చేత్తో అదిమి పట్టుకున్న్యాడు. ఒండ్రులో బిగుసుకుపోయి ఆ చెయ్యి రాలేదు. నలుగురం కలిసి తీస్తిమి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేకే వచ్చిన గదా ఆ సాయంత్రం. వాని పేరు నా దగ్గర ఎత్తద్దు పోరా అంటివి. ఊరంతా ఒక మాట అంటాంటే, కావలసినోనివి నువ్వే అంటాంటే, నేను ఎవరితో చెప్పేది?"

జిలాని ఏడ్చాడు. సిగ్గుపడకుండా, పెద్దగా, చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు. కాస్త దూరంలో నిలబడిన లక్ష్మీప్రియ దగ్గరికి రాలేదు, పక్కకూ పోలేదు.

తర్వాత లేచి భూపేష్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆయప్ప మా అన్న సార్. పారిపోలేదు. పారిపోయినాడని ఊరికి చెప్పినోళ్లలో నేను మొదటోన్ని. మీరు గూడా తీస్తే ఇంక ఎవరూ తుడిచేకి కాదు."

భూపేష్ లేచి నిలబడ్డాడు. "మేస్త్రి గారూ, నాకు అర్థమవుతోంది. కానీ నిన్నటిదాకా తీసింది ఏం చెయ్యను? అదంతా పారిపోయేవాడి కథ. ఇప్పుడు మారిస్తే అతకదు."

"అతుకుతుంది సార్," అంది లక్ష్మీప్రియ. పుస్తకం తిప్పుతూ ఒక్కొక్కటే చదివింది. "తల్లి మీద దుప్పటి కప్పినాడు. గొలుసు పెట్టినాడు. బండ పెట్టినాడు. అటు ఇటు చూసినాడు. సందులోకి తిరిగినాడు. అంతే తీసినాం. యాడా పారిపోలేదు సార్. పారిపోయినాడని మనం అనుకున్న్యాం. ఒక్క షాటు కూడా మార్చే పని లేదు. కడాన ఒకటి చేర్చితే చాలు."

భూపేష్ ఆ పుస్తకాన్ని లాక్కుని తనే చూశాడు. అవే షాట్లు, అదే చొక్కా, అదే భయపడిన ముఖం. ఒక్క చూపు మారగానే పారిపోయాడనుకున్నవాడు లోపలున్న తల్లి కోసం చుట్టూ తిరుగుతున్న కొడుకైపోయాడు. "అమ్మో," అన్నాడు మెల్లగా.

ట్యాంకును ఆ సాయంత్రమే దించేశారు.

మరునాడు పొద్దున తూము షాటు. కొడుకు వేషం వేసిన కుర్రవాడి చెయ్యి తెల్లగా, మెత్తగా ఉంది. కెమెరాకు చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి, సిమెంటు తిని గోళ్లు అరిగిపోయిన చెయ్యి కావాలన్నారు. జిలాని అడగకముందే చొక్కా విప్పాడు. "కుడిచెయ్యి," అని లక్ష్మీప్రియకు చెప్పాడు. ఆమె రాసుకుంది.

వెనక సందులో నీళ్లు అతని రొమ్ము దాకా వచ్చాయి. గోతం పట్ట చుట్టి తూములో నెట్టి, భుజం దాకా చెయ్యి దూర్చి, చెంపను గోడకు ఆనించాడు. నీళ్లు వీపు వెనక నుంచి నెడుతున్నాయి. అది నాటకపు నీళ్లని, ఒక్క కేకేస్తే మోటారు ఆపుతారని తెలుసు. అయినా పట్టను ఇంకా లోపలికి అదిమాడు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. పక్కనే గట్టుకు పోయే దారి ఉంది, పది అడుగులు. అన్నకూ అది పది అడుగులే. గోడ అవతల మంచంలో అమ్మ ఉంది, చెయ్యి తీస్తే నీళ్లు ఆమె మీదికి పోతాయి. అన్న ఆ పది అడుగులూ చూసి కూడా చెయ్యి తీయలేదు. ఆ మనిషి ఎంతటివాడో జిలానికి అప్పుడు తెలిసింది.

"కట్" అని లోపలి నుంచి వినిపించింది. జిలాని చెయ్యి తీయలేదు. మళ్లీ పిలిచారు. మూడోసారికి నలుగురు నీళ్లలో దిగి, భుజాలు పట్టి అతన్ని బయటికి తీశారు.

తడి ఆరకుండానే అతను నంద్యాల బస్సెక్కి, అక్కడి నుంచి కడప చేరాడు. మధ్యాహ్నం మూడు గంటలకు దిల్షాద్ ఇల్లు వెతికి పట్టుకున్నాడు. వాకిట్లో కుట్టుమిషను ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మన్సూర్ నుదురు, మన్సూర్ కనుబొమలు. ఆరేళ్లప్పుడు తన మాట విన్న పిల్ల. అమ్మాయి అతన్ని గుర్తుపట్టి, మిషను ఆపకుండానే లోపలికి కేకేసింది.

దిల్షాద్ వచ్చి గడపలో నిలబడింది. జుట్టు సగం నెరిసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"వదినా," అన్నాడు జిలాని. "అన్న పారిపోలేదు. తూముకు చెయ్యి అడ్డం పెట్టి చచ్చిపోయినాడు. నేను తప్పు చెప్పినా. నీకు చెప్పినా, ఊరికి చెప్పినా, ఈ పిల్ల ముందర చెప్పినా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు అతని మీద నుంచి తీయకుండానే పక్కకు తిరిగి పిలిచింది.

"సాజియా, మిషను ఆపి రా. మీ నాయన గురించి చెప్తాడంట."